బెతేలు నిలయంలో చొరబాటుదారు

మా ఫెలిక్స్ కంప్యూటర్‌కి కాపలా పెట్టాడు. యాంటీవైరస్ అంటారు దాన్ని. పెట్టిన కొత్తలో అది నోరెత్తలేదు, మావాడు కూడా దాని ఊసు మర్చిపోయాడు. బళ్లు తెరిచిన వారంలో ఉన్నట్టుండి మొదలుపెట్టింది. తెర మూలన ఎర్ర డబ్బా ఒకటి పైకి లేచేది. గిన్నె మీద గరిట పడ్డట్టు చప్పుడు. డబ్బాలో ఇంగ్లీషు ముక్కలు. ఎవరో చొరబడబోయారు, నేను ఆపేశాను, నువ్వేమీ చెయ్యక్కర్లేదు అని వాటి అర్థం.

ఇందులో కంగారు పడాల్సింది ఏముందో నాకు బోధపడలేదు.

"ఆపేసేనంతంది కదరా. ఇంకేటి నీ బాధ?" అన్నాను.

"ఆపింది సరేనమ్మా, వచ్చినోడెవడో తెలాలి కదా! నా కస్టమర్ల ఆధార్లు, పాన్ కార్డులు అన్నీ ఇందులోనే ఉన్నాయి. ఒక్కటి బయటికెల్లిందంటే నన్ను ఊర్లోంచి తరిమేస్తారు."

ఫెలిక్స్ బీమా ఏజెంటు. మీరు పోతే ఏమవుతుందో తెలుసా అని ఇంటింటికీ తిరిగి అడగడం వాడి ఉద్యోగం. అంచేత వాడికి దేన్ని చూసినా ముందు చావే కనిపిస్తుంది. కోడలు జూడీ ఆసుపత్రిలో నర్సు. రోజంతా నిజం రోగాలు చూసి వచ్చిన మనిషికి కంప్యూటర్ రోగం గురించి వినే ఓపిక ఎక్కడిది? "జ్వరముందా? లేదు కదా, పడుకోబెట్టు" అనేసి లోపలికి పోయేది.

కాపలా మొరిగినప్పుడు ఎవరైనా వీధివైపు చూస్తారు. మావాడు ఇంట్లోవాళ్ల మొహాలు చూసేవాడు. కొన్నాళ్లకు వాడి చూపు మేడ మీద గదికి చేరింది.

ఆ గదిలో అశ్విని అద్దెకుంటుంది. రోలుగుంట పిల్ల, చెరకు రైతు పరదేశి కూతురు. చోడవరంలో ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతుంది. వాళ్ల నాన్న నెలల తరబడి బతిమాలించుకుని పంపాడు, అది కూడా ఒక షరతు మీద. ఎవరిచేతైనా ఒక్క మాట పడినా తట్టాబుట్టా సర్దుకుని వచ్చేయాలి, మళ్లీ గడప దాటే మాట ఎత్తకూడదు. ఆ పిల్ల మా ఇంటికి వచ్చింది బళ్లు తెరిచినప్పుడే. డబ్బా మొరగడం మొదలైందీ అప్పుడే. బీమా ఏజెంటుకి అంతకంటే ఏం కావాలి?

నిజానికి వాడిని ఒకసారి ఒడ్డున పడేసింది ఆ పిల్లే. ఒకరోజు తెర మొత్తం ఎర్రగా అయిపోయి, మీ కంప్యూటర్ లాక్ అయింది, వెంటనే ఈ నంబరుకి ఫోన్ చెయ్యండి అని వచ్చింది. మావాడు అప్పుడే నంబరు నొక్కుతున్నాడు. మంచినీళ్ల కోసం కిందికి వచ్చిన అశ్విని పరుగెత్తుకొచ్చి ఫోన్ లాక్కున్నంత పని చేసింది.

"ఆగండి, ఆగండి! ఇది మీ యాంటీవైరస్ కాదండి. ఎక్కడో ఏదో సైట్లో 'అలౌ' అంటే నొక్కేసుంటారు. ఆ దొంగ పేజీ పంపుతంది. నిజం యాంటీవైరస్ ఫోన్ చెయ్యమని బతిమాలదు. మూలన చిన్నగా సెప్పి ఊరుకుంటాది."

ఆ పేజీ మూసేసి, ఆ 'అలౌ' తీసేసి వెళ్లింది. ఫెలిక్స్ మధ్యాహ్నం దాకా ఆమెను పొగిడాడు. సాయంత్రానికి పొగడ్త పులిసిపోయింది.

"లెక్కల టీచరుకి ఇయ్యన్నీ ఎలా తెలుసమ్మా?" అన్నాడు నాతో.

"తెలిసినోల్లనే అనుమానించాలంటే, నిన్ను ఈ జన్మలో ఎవులూ అనుమానించర్రా" అన్నాను.



ఇక్కడ మా ఇంటి సంగతి కొంచెం చెప్పాలి. మా ఇంటి పేరు బెతేలు నిలయం, దేవుడి ఇల్లని అర్థం. మా ఆయన బతికుండగా ఆయనా, ఆయన తమ్ముడు మోజెస్ ఇల్లు పంచుకున్నారు. నడిమధ్యన గోడ లేచింది. గిన్నెలు పంచుకున్నారు, మంచాలు పంచుకున్నారు. పేరు మాత్రం ఎవరూ వదులుకోలేదు. రెండు గుమ్మాల మీదా అదే బోర్డు. పోస్టుమన్ అవస్థ పోస్టుమన్‌ది.

మోజెస్ మా సంఘ పెద్ద. ఆయన ప్రార్థనకు లేచాడంటే వండిన అన్నం చల్లారాలి. ఆ శుక్రవారం గృహ ప్రార్థన మా ఇంట్లో పడింది. ఫెలిక్స్ వెళ్లి చిన్నాన్న చెవిలో కంప్యూటర్ గోడు చెప్పాడు. మోజెస్ వెంటనే ప్రార్థన నూనె సీసా తీయించాడు. తెరకు బొట్టు పెట్టినట్టు పూశాడు. అంతటితో ఆగొచ్చు కదా, మీటల మీద కూడా పోశాడు. అప్పట్నుంచీ రెండు మీటలు నొక్కితే కిందికి వెళతాయి, పైకి రావు.

ఆయన కళ్లు మూసుకుని, చెయ్యి చాపి, "ఈ పెట్టెలో దూరజూసే శత్రువా, బయటికి పో!" అని గర్జిస్తున్నాడు. సరిగ్గా అప్పుడే గిన్నె మీద గరిట పడ్డ చప్పుడు. ఎర్ర డబ్బా లేచింది.

"సూసేరా! బరించలేక అరుస్తంది!" అన్నాడు మోజెస్.

అందరూ ఆమెన్ అన్నారు. నేను కూడా అన్నాను, అలవాటు.

తర్వాత ప్రార్థన మనవుల వంతు. ఒకామెకు మోకాలి నొప్పి, ఇంకొకాయనకు బదిలీ. ఫెలిక్స్ లేచి గొంతు బరువుగా పెట్టి, "మా ఇంట్లోనే ఉంటూ మా మీద కన్నేసిన ఒక మనిషికి మారుమనసు కలగాలని ప్రార్థించండి" అన్నాడు. పేరు చెప్పలేదు. చెప్పాల్సిన పనేముంది, వచ్చినవాళ్లందరి తలలూ ఒక్కసారిగా మేడమెట్ల వైపు తిరిగాయి. పైన కిటికీ తెరిచే ఉంది.

జనం వెళ్లాక అశ్విని కిందికి దిగింది. మొహం కడుక్కుని వచ్చినట్టుంది.

"ఫెలిక్స్ గారూ, ఆ డబ్బా వచ్చినప్పుడల్లా మూసేస్తన్నారు. ఒక్కసారి దాని మీద నొక్కండి. వివరాలుంటాయి."

మావాడు అన్నాళ్లూ పైన ఎర్ర రంగు చూడడం, గుండె పట్టుకోవడం, మూసెయ్యడం తప్ప ఇంకేమీ చెయ్యలేదు. నొక్కాడు. పొడుగ్గా ఒక పట్టీ తెరుచుకుంది. అశ్విని వంగి చదివింది.

"దాడి చేసిన కంప్యూటర్ పేరు, గౌరీ జెరాక్స్ రెండు."

"గౌరీ జెరాక్సా? ఏ ఊరు?" అన్నాను.

"ఊరు సెప్పదు ఆంటీ. కానీ దీని అడ్రసు సూడండి. నూటతొంభై రెండు, నూటఅరవై ఎనిమిది అని మొదలయ్యింది. అంటే బయటోల్లు కారు. మన వైఫైలోనే ఉన్న మిషనది. అది మన కంప్యూటర్ని తడుముతంది, ఇది ఆపుతంది."

ఫెలిక్స్ కుర్చీలో వెనక్కి వాలాడు. వేళ్లు మడిచాడు.

"మన వైఫైలో ఉన్నదెవులు? నాను, జూడీ, అమ్మ. ఆ తర్వాత నువ్వు."

"నా లాప్‌టాప్ పేరు వేరండి. తెచ్చి సూపిస్తాను."

"పేరుకేటి? మార్చుకోవచ్చు."

నిజం చెప్పి ఇరుక్కున్నవాళ్లను చూశాను గానీ, పాఠం చెప్పి మరీ ఇరుక్కున్న పిల్లను అప్పుడే చూశాను. దొంగ ఎక్కడో రష్యాలో ఉన్నాడని చెప్పి ఊరుకుంటే సరిపోయేది. ఇంట్లోనే ఉన్నాడని నిరూపించింది.

"ఆదివారం సాయంత్రానికి గది కాళీ చేసెయ్యమ్మా" అన్నాడు ఫెలిక్స్. "గొడవొద్దు. మంచిగా ఎల్లిపో."

నేను కాఫీ పట్టుకుని మేడ మీదికి వెళ్లాను. పిల్ల పుస్తకాలు పెట్టెలో సర్దుతోంది.

"ఆపవే. ఇల్లు నా పేర ఉన్నాది. వాడి మాటకేటి ఇలవ? ఉండిపో."

"ఎలా ఉండను ఆంటీ? కింద అంతమంది మెట్ల కేసి సూసేరు. వాల్లలో ఇద్దరి పిల్లలు నా క్లాసులోనే ఉన్నారు. రేపు బోర్డు మీద లెక్క రాస్తంటే నా ఎనకాల ఏటనుకుంటారు? ఉంటే మంచి పేరుతో ఉంటాను. లేపోతే రోలుగుంట ఎల్లిపోతాను. ఎల్తే మా నాన్న ఇంక పంపడు, అది మీకూ తెలుసు."

కాఫీ ముట్టలేదు. చల్లారాక నేనే తాగేశాను. పారబోయడానికి మనసొప్పలేదు.

ఆదివారం గుడికి వెళ్లాం. ఆరాధనలో సాక్ష్యాల వేళ వచ్చింది. దేవుడు తమకు చేసిన మేలు గురించి ఎవరైనా లేచి చెప్పొచ్చు. ఎవరైనా అంటారు గానీ మొదట లేచేది ఎప్పుడూ మోజెసే. ఇస్త్రీ చొక్కా సవరించుకుని మైకు అందుకున్నాడు.

"ప్రియులారా, మా ఇంట్లో నెట్టు రీచార్జి అయిపోయి నెల దాటింది. నాను మళ్లీ వెయ్యలేదు. కరెంటు దండగని ఆ రూటర్ డబ్బా ప్లగ్గు కూడా పీకేసేను. అయినా నెట్టు ఆగిందా? ఆగలేదు! ప్లగ్గు లేదు, నెట్టు వస్తంది! పూర్వం ఒక విధవరాలి ఇంట్లో నూనె తరగలేదంట. నా ఇంట్లో నెట్టు తరగట్లేదు!"

"హల్లెలూయా!" అంది సంఘం.

నేను కూడా సగం హల్లెలూయా అన్నాను. మిగతా సగం గొంతులో ఆగిపోయింది.

మా రెండిళ్లకీ వైఫై పెట్టింది ఒకే కేబులతను. పేరేం పెట్టమంటారని అడిగితే ఫెలిక్స్ బెతేలు అన్నాడు. గోడ అవతల మోజెస్ కూడా బెతేలే అన్నాడు, ఎక్కడ తన వాటా తగ్గిపోతుందోనని. ఇక పాస్‌వర్డు. కొత్త సంవత్సరం ఆరాధనలో పాస్టరు గారు సంఘం మొత్తానికి ఒక వాగ్దాన వాక్యం ఇస్తారు. దాని కార్డు మా అందరి ముందుగదుల్లోనూ గోడకు వేలాడుతూ ఉంటుంది. వేరే పాస్‌వర్డు ఆలోచించడానికి బద్ధకించి, భక్తి అని పేరు పెట్టి, మావాడు ఆ వాక్యం అధ్యాయం, వచనం అంకెలు ఇచ్చాడు. మోజెస్ కూడా కార్డు చూసే చెప్పి ఉంటాడు. ఆయన తలుపు, మా తలుపు ఒకే పేరుతో, ఒకే తాళంచెవితో తెరుచుకుంటున్నాయి. తన రూటర్ డబ్బా ఆపేస్తే ఆయన కంప్యూటర్ పక్కనున్న మా బెతేలును పట్టుకోదూ?

నేను లేచి నిలబడ్డాను. నేను సాక్ష్యం చెప్పడం సంఘం ఎరగదు. మైకు ఇచ్చిన ఆయన కూడా జాగ్రత్తగా ఇచ్చాడు.

"అయ్యగారూ, మరిదిగారు ఒక విధవరాలి గురించి సెప్పేరు కదండీ. ఆ విధవరాల్ని నానే. ఆ నూనె మా ఇంటిది. గోడ దాటి పోతంది. నన్ను అడక్కుండానే పోతంది."

ఆడవాళ్ల వైపు ఎవరో కిసుక్కున నవ్వారు. మోజెస్ మొహం ఇస్త్రీ చెయ్యని చొక్కాలా అయింది.

"ఇంకొకటి. మొన్న శుక్రవారం మా ఇంట్లో మేడ మీద టీచరు గుంట గురించి ఒక మనవి పెట్టేం. ఆ మనవి మేం ఎనక్కి తీసుకుంటన్నాం. మీరు సేసిన ప్రార్థనలు కూడా దయచేసి ఎనక్కి తీసుకోండి."

ప్రార్థనలు వెనక్కి తీసుకోవడం ఎలాగో పాస్టరు గారికి చదువులో చెప్పినట్టు లేరు. కాసేపు ఆలోచించి ఆమెన్ అన్నారు.

గుమ్మం దాటగానే ఫెలిక్స్ నా చెయ్యి పట్టుకున్నాడు.

"పరువు తీసేవమ్మా! రుజువేది?"

"రుజువు మీ చిన్నాన్న ముందుగదిలో ఉంటాది, పద."

మా గుమ్మం నుంచి మోజెస్ గుమ్మానికి గోడ లేకపోతే నాలుగు అడుగులు. గోడ ఉంది కాబట్టి వీధిలోకి దిగి, సందు తిరిగి వెళ్లాలి. ఆయన భార్య శాలోమి ఒంట్లో బాగోలేదని గుడికి రాలేదు. నేను ముందు వెళ్లేసరికి కంప్యూటర్లో సీరియల్ చూస్తూ పకోడీలు తింటోంది. పంపకాలప్పుడు రోలు మా వాటాకు వచ్చిన దగ్గర్నుంచీ తోడికోడళ్లం ముక్తసరిగానే మాట్లాడుకుంటున్నాం.

"ఏటక్కా, దారి తప్పేవా?" అంది.

"లేదే, నా నెట్టు ఎలా ఉందో సూసిపోదామని."

ఆమెకు అర్థం కాలేదు. ఇంతలో మోజెస్, ఫెలిక్స్, వెనకాల అశ్విని వచ్చారు. పిల్లను నేనే పిలిపించాను. అశ్విని కంప్యూటర్ ముందు కూర్చుని ఏదో తెరిచి, ఫెలిక్స్ వైపు తెర తిప్పింది. కంప్యూటర్ పేరు అని ఉన్నచోట గౌరీ జెరాక్స్ రెండు.

"వడ్డాదిలో గౌరీ జెరాక్స్ ఎత్తేసినప్పుడు చవగ్గా వస్తే కొన్నారు" అంది శాలోమి. "ఆ పేరు మార్చడం మాకు రాదు. ఏం, పేరు బాగోలేదా?"

"అంటే నాను ఎటాకర్నా?" అన్నాడు మోజెస్. గొంతు గుడిలో ఉన్నంత లేదు. "నాను పాటలు తప్ప ఏటీ ఎరగనమ్మా!"

"మీరు కాదండి" అంది అశ్విని. "జెరాక్స్ షాపు మిషన్‌లో ఊర్లోవోల్ల పెన్‌డ్రైవులన్నీ పెడతారు కదా. ఏదో ఒకదాన్లోంచి వైరస్ పట్టింది. అది ఊరుకోదు, పక్కన ఏ కంప్యూటర్ కనిపిస్తే దాన్ని తడుముతంటాది. మీరు సీరియల్ సూస్తంటే దాని పని అది సేసుకుంటాది."

ఫెలిక్స్ ఇంకా ఒప్పుకోలేదు. వాడి కాగితాల మీద కూడా చిన్న అక్షరాల్లో బోలెడు షరతులుంటాయి. సరే, పరీక్ష పెడదామన్నాం. వాడు మా ఇంట్లోకి వెళ్లి తెర ముందు కూర్చున్నాడు. మేం ఇవతల ఉన్నాం. మధ్యలో గోడ.

అశ్విని గౌరీ జెరాక్స్‌ని వైఫై నుంచి విడదీసింది. అవతల నిశ్శబ్దం. చాలాసేపు కూర్చున్నాం, శాలోమి పకోడీలు నా వైపు జరిపింది, నేను రెండు తీసుకున్నాను. మళ్లీ కలిపింది. పకోడీ నోట్లో ఉండగానే గోడ మీంచి కేక.

"వచ్చింది!"

తీసింది. నిశ్శబ్దం. కలిపింది.

"మళ్లీ వచ్చింది!"

"ఇంకోసారి సెయ్యమంటారా?" అని అశ్విని గోడ వైపు అరిచింది.

"ఒద్దు!" అంది గోడ.

సాయంత్రం కాకముందే అశ్విని మేనమామ సత్యారావు ఆటో వేసుకుని వచ్చేశాడు. రమ్మన్నది శుక్రవారం రాత్రి కబురు చేసిన ఫెలిక్సే. పెట్టె, పరుపు ఆటోలోకి ఎక్కిపోయాయి. జూడీ డ్యూటీ నుంచి వచ్చి, విషయం విని, మొగుడి వైపు ఒక్క చూపు చూసింది. సూదిమందుకి ముందు చూసే చూపు.

"ఏటి, నిలబడ్డారు? నోరు లేదా?" అంది.

ఫెలిక్స్ ఆటో దగ్గరకు వెళ్లాడు. "తప్పయిపోయిందమ్మా. నాను ఎర్ర రంగు సూసేను గానీ కింద ఉన్నది సదవలేదు. ఉండిపో."

"నాతో కాదండి" అంది అశ్విని. "మా నాన్నకి సెప్పండి. మీరు మా మామకి ఫోన్ సేసినప్పుడు ఆయనకీ తెలిసిపోనాది."

ఆమే ఫోన్ కలిపి, అందరికీ వినపడేలా పెట్టి మావాడి చేతికిచ్చింది. ఫెలిక్స్ చెమటలు కక్కుతూ పరదేశి గారికి అంతా వివరించాడు. డబ్బా లేచిందంటే దొంగతనం జరిగిపోయిందని కాదు, జరక్కుండా ఆపిందని. చొరబడబోయింది మనిషి కాదు, జబ్బు పట్టిన కంప్యూటరని. మీ అమ్మాయి బంగారమని. మా ఇంట్లో ఆ మాటలు ఆ వరసలో వాడి నోట రావడం అదే మొదలు.

పరదేశి గారు ఓపిగ్గా విన్నాడు.

"సరే బాబూ. మరి ఆ కంప్యూటర్ ఎవలిది?"

"మా చిన్నాన్నదండి."

"ఆయనేటి సేస్తాడు?"

"సంఘ పెద్దండి."

"పెద్దమనిషి ఇల్లే అలాగుంటే మా గుంటని మీ మద్దిన ఎలా ఒగ్గీమంటావు బాబూ?"

మోజెస్ "అది కాదండీ" అంటూ ముందుకు రాబోయాడు. శాలోమి ఆయన చొక్కా పట్టుకుని లాగింది. నేను ఫోన్ అందుకుందామని చెయ్యి చాపాను. నాకంటే ముందు అశ్విని తీసుకుంది.

"నాన్నా, నాను. ఒక్క మాట పడినా వచ్చెయ్యమన్నావు. పడ్డాను. అన్నోల్లే నీకు సెప్పి మాట ఎనక్కి తీసుకున్నారు. గుల్లో మైకులో కూడా తీసుకున్నారు. ఇంక నాను రావడానికి కారణం ఏటుంది?"

"ఆ కంప్యూటరో?"

"దాన్ని రేపు బడయ్యాక నానే తుడిసేస్తాను. అప్పటిదాకా ప్లగ్గు పీకీసి ఉంటాది. పాస్‌వర్డు ఇప్పుడే మార్పించేస్తాను."

చెరకు తోటలో ఉన్నట్టున్నాడు, గాలి చప్పుడు వినిపిస్తోంది. మేమందరం ఆ ఫోన్ చుట్టూ ప్రార్థనలో కంటే బుద్ధిగా నిలబడ్డాం.

"ఆ ముసలమ్మ ఉందా అక్కడ?" అన్నాడు చివరికి.

ముసలమ్మ అంటే నేనేనట. "ఉన్నానయ్యా" అన్నాను.

"నువ్వు సూసుకుంటావా?"

"నాను సూసుకోడమేటి? మమ్మల్నే మీ గుంట సూసుకుంటంది."

ఆయన నవ్వినట్టు వినిపించింది. "అయితే ఉండు తల్లీ. మీ మామని కాళీ ఆటోతో రమ్మను" అని పెట్టేశాడు.

"ఎక్కించింది నాను, దించేదీ నానేనేటి?" అన్నాడు సత్యారావు.

"నువ్వు కూసో మావా" అంది అశ్విని, ఫెలిక్స్ వైపు చూసి.

ఫెలిక్స్ పెట్టె నెత్తికెత్తుకుని మెట్లెక్కాడు. ఆమె ముందు వెళ్లి తలుపు తీసింది. కింద ఆటో దగ్గర ఉన్న మాకు పైనుంచి ఆమె గొంతు వినిపించింది.

"అక్కడ కాదండి. కిటికీ పక్కన."

ఆ తర్వాత పెట్టె జరిపిన చప్పుడు.